ఐరన్ రఫ్‌నెక్ జారిపోతోంది, డ్రిల్లర్ నా మీద ఎగురుతున్నాడు

రాజోలు_ఫ్లోర్‌మాన్
గల్ఫ్‌లో చమురు బావులు తవ్వే ల్యాండ్ రిగ్ మీద ఫ్లోర్‌మాన్‌ని. ఆరేళ్ళు చేతి టాంగులతోనే, అంటే పైపు జాయింట్లు తిప్పే పెద్ద పానాలతోనే, పని చేశా. రెండు నెలల కిందట మా రిగ్గుకి ఆ పనే చేసే మెషీన్, ఐరన్ రఫ్‌నెక్, వచ్చింది. జాయింట్ బిగించేటప్పుడు ఏ గొడవా లేదు. పైపు బయటికి తీసే ట్రిప్పులోనే తంటా. విప్పబోతే కింది దవడ జారుతోంది. మూడేసి పైపులు కలిపిన స్టాండులు పదింట్లో రెండో మూడో ఇలాగే. కీచుమని చప్పుడు, టూల్ జాయింట్ (పైపు చివరి లావాటి భాగం) మీద కొత్త గీతలు. ఒక్కోసారి మూడోసారి పట్టిస్తే గానీ వదలదు.

మా డ్రిల్లర్ "నీకు దాన్ని నిలబెట్టడం చేతకావట్లేదు" అని అందరి ముందూ అరుస్తున్నాడు. మెకానిక్ వచ్చి గేజ్ చూసి, ప్రెషర్ బాగానే ఉందని వెళ్ళిపోతున్నాడు. 5 అంగుళాల పైపు, ఎన్‌సీ50 త్రెడ్. దవడల్లో పళ్ళుండే డైలు పోయిన వారమే మార్చారు. తప్పు నాదా, మెషీన్‌దా? మళ్ళీ టాంగులే పెట్టేద్దాం అంటున్నాడు డ్రిల్లర్. హిచ్ (ఈ విడత డ్యూటీ) అయిపోయేదాకా ఈ తిట్లు నావల్ల కాదు.

డోప్_డబ్బా
ముందు డైల పళ్ళ మధ్య గీకి చూడు. కొత్త డైలు వేసినా మధ్యలో డోపు (త్రెడ్‌కి రాసే గ్రీజు), బురద నిండితే అవి డైలు కావు, సబ్బు బిళ్ళలు. ప్రతి పది స్టాండులకీ వైర్ బ్రష్ కొట్టాలి.

పాతకెల్లీ
మీ డ్రిల్లర్ చెప్పిందే రైటు. నేను ముప్పై ఏళ్ళు రిగ్గుల మీద ఉన్నా. రెండు టాంగులు, వాటి లైను లాగే ఒక క్యాట్‌హెడ్, నలుగురు తెలిసిన మనుషులు. ఇంకేం కావాలి? ఆ మెషీన్ వచ్చి, నిలబడి, పట్టి, ఆలోచించుకుని తిప్పేలోపు మా వాళ్ళు రెండు స్టాండులు విప్పి డెరిక్‌లో (రిగ్గు టవరులో) నిలబెట్టేవాళ్ళు.

టాంగు_తిన్న_వేలు
పాతకెల్లీ గారూ, నా హ్యాండిల్ చదివి మళ్ళీ రాయండి.

పాతకెల్లీ
చదివానయ్యా. ఎలా జరిగింది?

టాంగు_తిన్న_వేలు
పైపు తీస్తున్నాం, రాత్రి మూడు గంటలప్పుడు. బ్రేకౌట్ టాంగు లాగగానే జాయింట్ వదల్లేదు. డ్రిల్లర్ ఇంకాస్త లాగాడు. అవతలి టాంగుని పట్టి ఉంచే స్నబ్ లైను, క్లాంపు దగ్గర తీగలు అరిగిపోయి ఉంది, తెగింది. టాంగు గిర్రున తిరిగొచ్చింది. నా చెయ్యి హ్యాండిల్ మీద ఉండాల్సింది, దవడ దగ్గర ఉంది. తప్పు నాది కూడా. ఎడమ చేతి చూపుడు వేలు రెండో కణుపు దాకా పోయింది.

అసలు బాధ తర్వాత మొదలైంది. కాంట్రాక్టరు "బాత్రూంలో జారిపడ్డానని రాయి, డబ్బులిస్తా" అన్నాడు. మన దేశంలో చమురు బావి చట్టం ప్రకారం గనే. అప్పట్లో 1952 గనుల చట్టం, 2017 ఆయిల్ మైన్స్ రెగ్యులేషన్స్ దానికి వర్తించేవి. ఇలాంటి దెబ్బ గనుల భద్రత డైరెక్టరేట్‌కి తెలియజేయాల్సిందే. అది నాకు అప్పట్లో తెలియదు. ఫ్లోర్ మీద ఉన్న కుర్రాళ్ళందరికీ తెలియాలని ఇక్కడ రాస్తున్నా.

పాతకెల్లీ
స్నబ్ లైను టూర్ (షిఫ్టు) మొదట్లోనే చూడాలి. మా కాలంలో చూసేవాళ్ళం. సరే, వేలు పోయినవాడితో వాదించను.

బోరుబండి_నల్గొండ
మీ మాటలు సగం అర్థం కాకపోయినా చదువుతున్నా. మాది నీళ్ళ బోరు బండి. 20 అడుగుల రాడ్లు, హ్యామర్, కంప్రెసర్. రాడ్ బిగుసుకుపోతే మేం పెద్ద పానా వేసి సమ్మెటతో నాలుగు కొడతాం. మీకు అలా కుదరదా?

డోప్_డబ్బా
కుదరదు అన్నా 😀 మా పైపు ఒక్కోటి దాదాపు 300 కిలోలు, మూడు కలిపితే ఒక స్టాండు. మూడు వేల మీటర్ల బావిలో అలాంటివి వందకి పైగా.

కువైట్_నైట్‌షిఫ్ట్
నిజం చెప్పాలంటే కుదురుతుంది. వదలని జాయింట్ బాక్స్ (కింది పైపు ఆడ త్రెడ్ భాగం) మీద సుత్తితో కొట్టడం నేనూ చూశా. చూడలేదని చెప్పమన్నారు.

మాధవి_మెకానికల్
రాజోలు గారూ, కొన్ని ప్రశ్నలు.

మేకప్ టార్క్, అంటే బిగించే బలం, ఎంత పెడుతున్నారు? జారేది ప్రతిసారీ ఏదో ఒక స్టాండా, లేక అవే స్టాండులా? కింది దవడ పట్టుకునే చోట, అంటే బాక్స్ మీద, హార్డ్ బ్యాండ్ (అరగకుండా వేసే గట్టి లోహపు పట్టీ) ఎంత దూరంలో ఉంది?

రెండో ప్రశ్నకి జవాబొస్తే సగం తేలిపోతుంది. ప్రెషర్ తక్కువైనా, డైలు అరిగినా అన్ని స్టాండుల మీదా జారాలి. పదింట్లో రెండు మూడే అంటే నాకు అనుమానం మెషీన్ మీద కాదు, పైపు మీద.

హైడ్రాలిక్_హరి
మాధవి గారితో సగమే ఒప్పుకుంటా. మెషీన్ ఖాళీగా ఉన్నప్పుడు గేజ్ చూస్తే ఏం తెలుస్తుంది? దవడ పట్టి, టార్క్ పడుతున్నప్పుడు చూడాలి. లోడ్ మీద క్లాంపు ప్రెషర్ పడిపోతుంటే సిలిండర్ సీల్ లీకవుతోందని అర్థం. ఎడారిలో మధ్యాహ్నం నూనె కాగితే పల్చబడి ఈ లీకు ఇంకా పెరుగుతుంది. పగలు ఎక్కువ జారుతోందా, రాత్రా?

రాజోలు_ఫ్లోర్‌మాన్
మాధవి గారూ, మేకప్ 30 వేల ఫుట్-పౌండ్లు. అవే స్టాండులా అన్నది గమనించలేదండి. హరి అన్నా, పగలూ రాత్రీ ఒకేలా ఉంది. తిట్లు మాత్రం పగలు ఎక్కువ.

డిప్లొమా_కుర్రోడు
ఒక డౌటు. బిగించేటప్పుడు జారని దవడ విప్పేటప్పుడు ఎందుకు జారుతుంది? టార్క్ అదే కదా.

మాధవి_మెకానికల్
అదే కాదు. పైన మీరు 30 వేలు పెట్టి బిగించినా, కింద బిట్టు రాయిలో ఇరుక్కుని ఆగి, ఒక్కసారిగా వదులుతూ ఉంటే స్ట్రింగ్ (బావిలోని పైపుల వరుస) మెలికపడి కొన్ని జాయింట్లు ఇంకా బిగుసుకుంటాయి. అందుకే ఈ మెషీన్లకి విప్పే బలం బిగించే బలం కంటే ఎక్కువ ఉంటుంది. బాగా వాడుకలో ఉన్న ఎస్‌టీ-80 మోడలే చూడండి, బిగించడానికి 60 వేలు, విప్పడానికి 80 వేల ఫుట్-పౌండ్లు. కాబట్టి పట్టు అంతంతమాత్రంగా ఉంటే బిగించేటప్పుడు నెట్టుకొస్తుంది, విప్పేటప్పుడు బయటపడుతుంది.

డోప్_డబ్బా
డోపు సరిగ్గా రాయకపోయినా అంతే. పిన్ను (మగ త్రెడ్ భాగం) మీద పైపైన పూసి వదిలేస్తారు. త్రెడ్, షోల్డర్ (రెండు పైపులు ఆనుకునే అంచు) రెండూ కడిగి, ఆరాక, అంతటా రాయాలి. పూతరేకు మీద నెయ్యి రాసినట్టు.

టాప్‌మాన్_నర్సాపురం
పూతరేకు పేరెత్తకు బాబూ, ఇక్కడ క్యాంపులో పది రోజులుగా పప్పు, రొట్టె.

మాధవి_మెకానికల్
పాతకెల్లీ గారు టాంగులు అన్నారు కాబట్టి ఒక లెక్క. చేతి టాంగులో టార్క్ అంటే లైను లాగే బలం ఇంటూ చెయ్యి పొడవు. అది లైనుకీ టాంగు చేతికీ మధ్య సరిగ్గా 90 డిగ్రీలు ఉన్నప్పుడే. 60 డిగ్రీలైతే మీకు దక్కేది నూటికి 87. 45 అయితే 71. గేజ్‌లో మాత్రం లైను పుల్లే కనిపిస్తుంది. డ్రిల్లర్ 30 వేలు పెట్టాననుకుంటాడు, జాయింటుకి చేరేది 21 వేలు. తర్వాత కింద త్రెడ్ వదులై, షోల్డర్ దగ్గర మడ్డు (బావిలో తిరిగే బురద ద్రవం) కోసేసి, వాషౌట్ (చిల్లు) వచ్చాక పైపు కంపెనీని తిడతారు. టాంగు తక్కువదని అనట్లేదు. కోణం చూసేవాళ్ళు తక్కువ అంటున్నా.

పాతకెల్లీ
అమ్మాయీ, కోణం మేం కంటితో చూసేవాళ్ళం.

టాంగు_తిన్న_వేలు
కంటితోనే చూశాడు మా డ్రిల్లర్ కూడా.

బోరుబండి_నల్గొండ
🙏 ఈ అమ్మాయి మా బండి మీద ఉంటే ఏడాదికి నాలుగు రాడ్లు మిగిలేవి.

కువైట్_నైట్‌షిఫ్ట్
వేగం గురించి ఒక మాట. పాతకెల్లీ గారు టాంగులే ఫాస్ట్ అన్నారు. ఆరితేరిన క్రూ ఉంటే నిజమే, నేనూ చూశా. కానీ ఆ వేగం మొదటి ఇరవై స్టాండులదాకే. డెబ్భయ్యో స్టాండు దగ్గర, టూర్‌లో పదో గంటలో, ఎండలో వాళ్ళే ఎంతసేపు తీస్తారో చూడండి. మెషీన్ మొదటి స్టాండుకి ఎంతో ఆఖరి స్టాండుకీ అంతే.

పాత స్పిన్నింగ్ చైన్ పైపుని చాలా వేగంగా తిప్పేది. అయినా దాన్ని చాలాచోట్ల ఎందుకు ఆపేశారు? పైపుకి చుట్టిన గొలుసు వేళ్ళకీ చుట్టుకునేది కాబట్టి.

టాప్‌మాన్_నర్సాపురం
అందరూ ఫ్లోర్ గురించే మాట్లాడతారు. పైన మేం ఉన్నాం. మేం నిలబడే మంకీ బోర్డు ఎనిమిది అంతస్తుల ఎత్తు. పైపుని పట్టుకునే ఎలివేటర్ పైకొస్తుంది, 900 కిలోల స్టాండు తల నా చేతుల్లోకి వంచుకోవాలి, తాడు వేసి లాగి ఫింగర్ బోర్డులో పెట్టాలి. నన్ను మొదట తీసుకున్నప్పుడు మా సూపర్‌వైజర్ అడిగిన మొదటి ప్రశ్న "కొబ్బరిచెట్టు ఎక్కడం వచ్చా?" వచ్చు అన్నా. అదే ఇంటర్వ్యూ.

తాటిపాక_గట్టు
ఆయ్, మా ఊరి దింపుడోళ్ళు ఇద్దరు అలాగే వెళ్ళి ఇప్పుడు గల్ఫ్‌లో డెరిక్‌మెన్. తాడి ఎక్కేవాళ్ళు నడుముకి మోకు వేసుకుంటారుగా, రిగ్గు మీద హార్నెస్ ఇచ్చినప్పుడు "దీనికంటే మా మోకే నయం, ఇది ఎక్కడో వీపు దగ్గర తగిలిస్తారేంటి" అన్నాడంట ఒకాయన.

టాప్‌మాన్_నర్సాపురం
ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. మోకు పనికి ఒరిగి నిలబడడానికి, హార్నెస్ పడితే ఆపడానికి. మాకు రెండూ ఉంటాయి: ముందుకి ఒరగడానికి బెల్టు, పడకుండా వెనక లైను.

డిప్లొమా_కుర్రోడు
ఈ పైపు హ్యాండ్లింగ్ మెషీన్లన్నీ వస్తే రేపు మాకు ఫ్లోర్ మీద ఉద్యోగాలుంటాయా? నేను మెకానికల్ డిప్లొమా, ఊరు రామచంద్రాపురం.

హైడ్రాలిక్_హరి
ఏ రామచంద్రాపురం? రిగ్గులు తయారుచేసేదా, రిగ్గులు తవ్వేదా? 😀

డిప్లొమా_కుర్రోడు
తవ్వే వైపుది. కోనసీమ.

హైడ్రాలిక్_హరి
మా నాన్నది తయారుచేసేది, హైదరాబాద్ పక్కన. బీహెచ్ఈఎల్‌లో పనిచేశాడు. అక్కడ తయారైన రిగ్గులే మీ గోదావరి జిల్లాల్లో బావులు తవ్వాయి. ఆ పాత రిగ్గుల్లో కెల్లీ (పైపుల్ని తిప్పే పలకల గొట్టం) ఉండేది, ఒక్కసారికి ఒక్క పైపు, తొమ్మిది మీటర్లు. పైనుంచి తిప్పే టాప్ డ్రైవ్ వచ్చాక ఒక్కసారికి స్టాండు, దాదాపు 28 మీటర్లు. కనెక్షన్లు మూడో వంతుకి తగ్గాయి. అప్పుడూ ఇదే ప్రశ్న అడిగారంట, ఉద్యోగాలు పోతాయా అని.

డిప్లొమా_కుర్రోడు
పోయాయా మరి?

హైడ్రాలిక్_హరి
కొన్ని పోయాయి, అబద్ధం ఎందుకు. ఫ్లోర్ మీద ఒక్కో టూర్‌కి మనుషులు తగ్గారు. అయితే ఆ మెషీన్ల హైడ్రాలిక్స్, సెన్సర్లు, పీఎల్‌సీ (మెషీన్‌ని నడిపే కంప్యూటర్) చూసేవాళ్ళు ఎప్పుడూ దొరకరు. మేఘా ఇంజినీరింగ్ ఓఎన్‌జీసీకి 47 రిగ్గుల ఆర్డరు తీసుకుంది, వాటిలో మొదటిది 2021లో గుజరాత్ కలోల్ దగ్గర పని మొదలుపెట్టింది. 1500 హార్స్ పవర్, 4000 మీటర్ల దాకా తవ్వుతుంది, పైపు ఎక్కించడం దించడం హైడ్రాలిక్స్ మీదే. నీకు సర్క్యూట్ డ్రాయింగ్ చదవడం వస్తే ఫ్లోర్‌మాన్ కంటే నయమైన పని దొరుకుతుంది. రాకపోతే ఇప్పుడే నేర్చుకో.

రాజోలు_ఫ్లోర్‌మాన్
తమ్ముడూ, హరి అన్న చెప్పింది విను. నాలాగా డ్రిల్లర్ తిట్లు తినడానికి రాకు.

తాటిపాక_గట్టు
రిగ్గు అంటే మా ఇళ్ళల్లో మొదట గుర్తొచ్చేది ఉద్యోగం కాదు, పాశర్లపూడి. 1995 జనవరి 8న అక్కడ ఓఎన్‌జీసీ బావి అదుపు తప్పి అంటుకుంది. నేను అప్పుడు ఐదో తరగతి. మంట 65 రోజులు మండింది. రాత్రి మా అరుగు మీద దీపం లేకుండా పుస్తకం చదివేవాళ్ళం, ఆ వెలుగుకి. మా అమ్మమ్మ మాత్రం రోజూ ఆ మంట వైపు కిటికీ మూసేసేది. ఇప్పటికీ మా మేనల్లుడు రిగ్గు ఉద్యోగం అంటే ఇంట్లో ఒప్పుకోవట్లేదు.

కువైట్_నైట్‌షిఫ్ట్
ఇంట్లో వాళ్ళ భయం అర్థమవుతుంది. ఈ పైపు పనికీ బావి భద్రతకీ సంబంధం లేదనుకుంటారు చాలామంది. ఉంది. పైపు బయటికి తీస్తున్నామంటే బావిలోంచి ఉక్కు తీస్తున్నాం. ఆ ఖాళీలో మడ్డు నింపాలి. మన 5 అంగుళాల పైపు ఐదు స్టాండులు తీస్తే మూడున్నర బ్యారెల్స్ దాకా మడ్డు పట్టాలి. ఆ మడ్డు కొలిచి పోసే ట్రిప్ ట్యాంకులోంచి అంతకంటే తక్కువ పట్టిందంటే ఆ తేడా కిందనుంచి వస్తోందన్నమాట. అంటే గ్యాసో, నీళ్ళో. వేగం కోసం పైపు బర్రున లాగితే సిరంజిలా కింది నుంచి పీల్చుకొస్తుంది కూడా.

అందుకే "స్టాండు ఎన్ని సెకన్లలో" అన్న పందెం నాకు నచ్చదు. ఫ్లోర్ మీద పైపుని మూసే సేఫ్టీ వాల్వ్, దాని తాళంచెవి చేతికందేలా ఉన్నాయో లేదో ముందు చూడండి. రెండు రిగ్గుల్లో తాళంచెవి డాగ్‌హౌస్‌లో (ఫ్లోర్ పక్క గదిలో) దొరికింది నాకు. ఒకచోట టీ గ్లాసుల కింద.

పాతకెల్లీ
ఇది మాత్రం నూటికి నూరు. ఆ తాళంచెవికి నేను ఎర్ర రంగు వేయించి గొలుసుతో కట్టించేవాణ్ణి.

మాధవి_మెకానికల్
రాజోలు గారూ, మర్చిపోకండి. తర్వాతి ట్రిప్పులో జారిన ప్రతి స్టాండుకీ పెయింట్ మార్కు పెట్టి, టాలీలో (పైపుల లెక్క పట్టీలో) నంబరు రాసుకోండి. వాటి బాక్స్ మీద, జాయింట్ అతుకు నుంచి హార్డ్ బ్యాండ్ అంచు దాకా టేపు పెట్టి కొలవండి.

రాజోలు_ఫ్లోర్‌మాన్
సరేనండి. బిట్టు మార్చడానికి ఎల్లుండి తీస్తారు.

హైడ్రాలిక్_హరి
అప్పుడే లోడ్ మీద గేజ్ కూడా చూడు. నా పందెం సీల్ మీదే. ఒక ప్లేటు బిర్యానీ.

మాధవి_మెకానికల్
నాది హార్డ్ బ్యాండ్ మీద. బిర్యానీ కాకినాడ నుంచి రావాలి, హైదరాబాద్‌ది వద్దు.

హైడ్రాలిక్_హరి
ఈ మాటకి థ్రెడ్ లాక్ చేయాలి అసలు.

రాజోలు_ఫ్లోర్‌మాన్
మూడు రోజులైంది, నిద్రపోయి లేచి రాస్తున్నా.

98 స్టాండులు తీశాం. 23 జారాయి. అన్నిటికీ తెల్ల పెయింట్ కొట్టా. తర్వాత డెరిక్‌లోంచి మళ్ళీ దింపేటప్పుడు మార్కులు, టాలీలో రాసిన నంబర్లు సరిచూశా, కలిశాయి. హరి అన్నా, లోడ్ మీద గేజ్ కదల్లేదు. సారీ.

టేపు పెట్టా. మామూలు పైపుకి అతుకు నుంచి హార్డ్ బ్యాండ్ దాకా ఏడు అంగుళాలు ఉంది. మార్కు వేసినవాటికి నాలుగున్నర, కొన్నిటికి నాలుగే. డైలు వెళ్ళి సగం హార్డ్ బ్యాండ్ మీద కూర్చుంటున్నాయి. ఆ గట్టి మెటల్ మీద పళ్ళు దిగక జారుతున్నాయి, పళ్ళ మొనలు కూడా పోయాయి. కొత్త డైలు వారానికే ఎందుకు మొద్దుబారుతున్నాయో ఇప్పుడు అర్థమైంది.

మాధవి_మెకానికల్
అవి త్రెడ్ దెబ్బతిన్నప్పుడల్లా వర్క్‌షాపులో కోసి మళ్ళీ త్రెడ్ వేసిన పైపులు. కోసిన ప్రతిసారీ బాక్స్ కొంచెం పొట్టిదవుతుంది. హార్డ్ బ్యాండ్ ఉన్నచోటే ఉంటుంది, అతుకు దగ్గరికి వస్తూ ఉంటుంది. అందుకే టాంగ్ స్పేస్‌కి, అంటే దవడ పట్టే చోటుకి, కనీస కొలత పెట్టారు. బాక్స్ వైపు హార్డ్ బ్యాండ్ మినహాయించి, త్రెడ్ భాగం లోతుకి ఇంకో అంగుళం కలపాలి. మీ ఎన్‌సీ50కి అది ఆరు అంగుళాల పైమాటే. నాలుగున్నర అంటే ఆ పైపు అసలు రిగ్గు మీదికే రాకూడదు. తనిఖీ రిపోర్టు అడగండి.

రాజోలు_ఫ్లోర్‌మాన్
అడిగా. టూల్‌పుషర్ (రిగ్గు ఇన్‌ఛార్జి) దగ్గర ఉంది. అద్దెకి తెచ్చిన లాటు అట. త్రెడ్, గోడ మందం అన్నీ పాస్. టాంగ్ స్పేస్ గడి మాత్రం ఖాళీగా వదిలేశారు.

డోప్_డబ్బా
ఖాళీ గడి 😂 పరీక్షలో నేను చేసిన పనే.

కువైట్_నైట్‌షిఫ్ట్
మరి మెషీన్ దవడ కొంచెం పైకి జరిపి పట్టించొచ్చుగా?

రాజోలు_ఫ్లోర్‌మాన్
ప్రయత్నించాం. మా మెషీన్‌లో రెండు దవడల మధ్య ఎడం మార్చడానికి లేదు. కిందిది పైకి జరిపితే పైది స్పిన్నర్ (పైపుని గిరగిరా తిప్పే భాగం) వైపు, పిన్ను అంచు మీదికి పోతుంది. అంతలా జరిపి పట్టించడం వద్దని మెకానిక్ ఆపేశాడు. ఆ పైపుల్ని వచ్చే ట్రిప్పులో విడదీసి పక్కన పెట్టేస్తామన్నారు. అప్పటిదాకా ఆ 23 స్టాండులకి చేతి టాంగులు, మిగతావాటికి మెషీన్.

పాతకెల్లీ
అంటే చివరికి టాంగులే దిక్కయ్యాయన్నమాట.

టాంగు_తిన్న_వేలు
23కి మాత్రమే. స్నబ్ లైను చూశావా తమ్ముడూ?

రాజోలు_ఫ్లోర్‌మాన్
కొత్తది వేయించాకే టాంగు ఎక్కించా అన్నా. క్లాంపులు నేనే బిగించా.

మాధవి_మెకానికల్
టాంగు డై కూడా ఆ నాలుగున్నర మీద పూర్తిగా ఆనదు, గుర్తుంచుకోండి. అతుక్కి ఆనించి పెట్టండి, నెమ్మదిగా లాగమనండి, లాగేటప్పుడు దాని దారిలో ఎవరూ ఉండొద్దు.

టాప్‌మాన్_నర్సాపురం
ఇంతకీ డ్రిల్లర్ ఏమన్నాడు?

రాజోలు_ఫ్లోర్‌మాన్
ఏమీ అనలేదు. టేపు ఆయనే పట్టుకుని ఇంకో నాలుగు కొలిచాడు. సాయంత్రం డాగ్‌హౌస్‌లోంచి నాకు టీ పంపాడు.

డోప్_డబ్బా
గ్లాసు కింద తాళంచెవి ఉందేమో చూడు.

హైడ్రాలిక్_హరి
మాధవి గారూ, కాకినాడలో ఏ హోటలో చెప్పండి.